దమ్ములో ట్రాక్టర్ ముందు చక్రం: బేరింగ్‌లోకి బురద ఎలా చేరుతుంది?

సార్వా (తొలకరి వరి) నాట్లు ఊపందుకుని, నీళ్లు నిలిపిన మడిని బురదగా దున్నే దమ్ము పని సాగుతున్నప్పుడు గోదావరి డెల్టాలో ఏ మెకానిక్ షెడ్డు ముందు చూసినా, ముందు చక్రం ఊడదీసి జాకీ మీద నిలబెట్టిన ట్రాక్టర్ ఒకటైనా కనిపిస్తుంది. హబ్ (చక్రం మధ్య భాగం) విప్పితే లోపల గ్రీజు ఉండదు. బురద, నీళ్లు, పాత గ్రీజు కలిసిపోయిన బూడిదరంగు ముద్ద ఉంటుంది. రోలర్ల మీద గుంటలు, స్పిండిల్ (హబ్ తిరిగే ఇరుసు) మీద గాడి. సీల్ (నీళ్లు రాకుండా ఆపే రబ్బరు రింగు) నాసిరకమని ట్రాక్టర్ యజమాని అంటాడు. గ్రీజు కొట్టలేదని మెకానిక్ అంటాడు. రోజూ కొడుతూనే ఉన్నానని డ్రైవర్ అంటాడు. చాలాసార్లు ముగ్గురి మాటా నిజమే. ముగ్గురూ నిజమే చెబుతున్నప్పుడు బేరింగ్ ఎందుకు పోతోందన్నదే ఇక్కడ ప్రశ్న.

హబ్‌లోకి నీళ్లు రాకుండా ఆపేది ఆయిల్ సీల్ అని మనం అనుకుంటాం. నిజానికి సీల్ చేసేది సగం పనే. బురదలో అసలు అడ్డుగోడ గ్రీజు, అది కూడా లోపలి నుంచి బయటికి కదులుతున్న గ్రీజు. ఈ సంగతి పట్టుబడాలంటే ముందు హబ్ లోపలికి వెళ్లాలి.

హబ్‌లో తిరిగేదేమిటి, ఆగేదేమిటి

టూ వీల్ డ్రైవ్ ట్రాక్టర్ ముందు చక్రానికి ఇంజన్ శక్తి అందదు. స్పిండిల్ కదలకుండా ఉంటుంది, దాని మీద హబ్ తిరుగుతుంది. ఈ రెండింటి మధ్య రెండు టేపర్ రోలర్ బేరింగ్‌లు ఎదురెదురుగా కూర్చుంటాయి. ట్రాక్టర్ వైపు పెద్దది, బయటి వైపు చిన్నది. రోలర్లు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి పైనుంచి పడే బరువును, మలుపు తిప్పినప్పుడు పక్కనుంచి వచ్చే తోపును ఇవి కలిపి మోస్తాయి. అమెరికాలో గుర్రపు బళ్లు తయారుచేసే హెన్రీ టిమ్‌కెన్ 1898లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. అప్పటి నుంచి బరువు మోసే బళ్లకు ఇంతకన్నా నమ్మకమైనది రాలేదనే చెప్పాలి.

ఈ బేరింగ్‌కు ఉన్న లోటు ఒక్కటే: అటూ ఇటూ తెరిచి ఉంటుంది. బయటి వైపున డస్ట్ క్యాప్ మూస్తుంది. క్యాప్ హబ్‌తో పాటే తిరుగుతుంది, మధ్యలో రాపిడి లేదు కాబట్టి, సొట్టలు లేకుండా బిగుతుగా ఉంటే అక్కడ బెంగ లేదు. చిక్కంతా లోపలి వైపే. అక్కడ తిరిగే హబ్‌కూ కదలని స్పిండిల్‌కూ మధ్య ఖాళీ ఉండి తీరాలి. ఆ ఖాళీని మూసేదే ఆయిల్ సీల్.

6.00-16 సైజు ముందు టైరు ఎత్తు సుమారు 73 సెంటీమీటర్లు. అంటే హబ్ మధ్యభాగం నేల నుంచి 36 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. దమ్ములో టైరు మెత్తటి మట్టిలోకి దిగబడి గట్టి పొరను పట్టుకుని నడుస్తుంది. పైన మట్టి, ఆ పైన నీళ్లు కలిపితే సీల్ చాలాసేపు మునిగే ఉంటుంది. దున్నకంలో దుమ్ము, రోడ్డు మీద వాన చినుకు ఎప్పుడో ఒకసారి తగిలేవి. దమ్ములో మాత్రం సీల్ గంటల తరబడి బురదలోనే తిరుగుతుంది.

సీల్‌కు ముఖం ఒక వైపే

మామూలు ఆయిల్ సీల్‌ను చేతిలోకి తీసుకుని చూడండి. ఒక వైపు చదునుగా ఉంటుంది. రెండో వైపు రబ్బరు అంచు, దాని వెనుక సన్నటి స్ప్రింగ్ కనిపిస్తాయి. ఈ అంచు స్పిండిల్‌ను ఆనుకునే మేర వెడల్పు మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. స్ప్రింగ్ ఉన్న వైపు నుంచి ఒత్తిడి వస్తే అంచు ఇంకా గట్టిగా అదుముకుంటుంది. వెనుక వైపు నుంచి వస్తే అదే ఒత్తిడి అంచును పైకి లేపుతుంది. అంటే ఇది ఒక దిక్కుకు మాత్రమే కాపలా.

గేర్ బాక్సులో, ఇంజన్‌లో స్ప్రింగ్ లోపలి వైపు ఉండేలా సీల్ కొడతారు. నూనె బయటికి పోకూడదు కాబట్టి అక్కడ అదే సరి. అలవాటుగా ముందు హబ్‌లోనూ అలాగే కొట్టేస్తే? గ్రీజు భద్రంగా లోపలే ఉంటుంది, బయటి బురద మాత్రం అంచును ఎత్తుకుని లోపలికి దూరుతుంది. పైగా కొత్త గ్రీజు కొట్టినప్పుడు పాతది సీల్ గుండా బయటికి రాలేదు. చేతి గ్రీజు గన్ వందల బార్ల ఒత్తిడి తెస్తుంది (బారు అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి అంత). మామూలు సీల్ తట్టుకునేది అర బారు. కాబట్టి డ్రైవర్ ఉత్సాహంగా పంపు కొడితే సీల్ తన గూటిలోంచి లేచి బయటికి వచ్చేస్తుంది. "రోజూ గ్రీజు కొట్టాను" అన్న డ్రైవర్ మాట నిజమైనా బేరింగ్ పోవడానికి ఇదొక కారణం.

ప్రధాన అంచు బయటికి చూసేలా ఉంటే కథ తిరగబడుతుంది. బురద ఒత్తితే అంచు బిగుస్తుంది, లోపలి నుంచి గ్రీజు తోస్తే తెరుచుకుని దారి ఇస్తుంది. ఇప్పుడు దమ్ము పనికని అమ్మే సీళ్లలో రెండు మూడు అంచులు ఉంటాయి. గ్రీజును ఆపే అంచు ఒకటి, బురదను ఆపేవి మిగతావి. ఆ అంచుల మధ్య సందుల్లో బిగించే ముందే గ్రీజు నింపాలి. పొడిగా వదిలేస్తే బయటి అంచులకు తడి తగిలే లోపే కాలిపోతాయి. ఏ ట్రాక్టర్‌కు ఏ సీల్, ఏ వైపు అన్నది కంపెనీ పుస్తకంలో బొమ్మ వేసి ఉంటుంది. పాతది విప్పేటప్పుడు అది ఏ వైపు ఉందో ఫోన్‌లో ఫోటో తీసుకోవడం ఇంకా తేలిక. అయితే అంతకుముందు మెకానిక్ దాన్ని సరిగ్గానే కొట్టాడా అన్నది పుస్తకం చూస్తే గానీ తేలదు.

నీళ్లు నెట్టుకుని రావు, హబ్బే పీల్చుకుంటుంది

ఎక్కువమంది లెక్కలోకి తీసుకోని సంగతి ఇది. ముప్పై సెంటీమీటర్ల లోతు నీటి ఒత్తిడి 0.03 బారు మాత్రమే. మంచి సీల్‌కు అదొక లెక్కలోది కాదు. మరి నీళ్లు ఎలా వెళ్తున్నాయి?

ఊళ్లోంచి పొలానికి కొన్ని కిలోమీటర్లు రోడ్డు మీద వచ్చిన ట్రాక్టర్ హబ్ ఎండకూ రాపిడికీ 60 డిగ్రీలకు చేరిందనుకుందాం. లోపల గ్రీజు పట్టని చోట గాలి ఉంటుంది. అది వేడికి వ్యాకోచించి కొంత బయటికి పోయింది. అలాగే నేరుగా 30 డిగ్రీల నీళ్లలోకి దిగితే లోపలి గాలి చప్పున చల్లబడుతుంది. గాలి ఒత్తిడి 9 శాతం పడిపోతుంది, అంటే సుమారు 0.09 బారు. వేడి గిన్నె మీద పెట్టిన మూత చల్లారాక పట్టేసుకుని రాకపోవడానికి కారణమూ ఇదే. ఈ పీల్పు, బయట ముప్పై సెంటీమీటర్ల నీళ్లు నెట్టే బలానికి మూడింతలు. రెండూ ఒకే దిక్కులో పనిచేస్తాయి, బయటి నుంచి లోపలికి.

హబ్‌లో 200 మిల్లీలీటర్ల గాలి ఉంటే, ఆ లోటు తీరడానికి 18 మిల్లీలీటర్ల బురదనీళ్లు సరిపోతాయి. అదే హబ్‌ను గ్రీజుతో దాదాపు నింపేసి 20 మిల్లీలీటర్ల గాలి మాత్రమే మిగిల్చితే 2 మిల్లీలీటర్లు చాలు. గ్రీజు కూడా చల్లబడితే కొద్దిగా కుంచించుకుంటుంది కానీ గాలితో పోలిస్తే అది చాలా తక్కువ. పీల్పు బలం తగ్గదు, పీల్చే పరిమాణం తగ్గుతుంది. రోజుకు రెండు మూడు సార్లు, సీజన్ పొడుగునా ఇలా వేడెక్కడం, చల్లారడం జరుగుతుంటే ఈ తేడా ఎంతకు చేరుతుందో ఊహించుకోవచ్చు.

రోడ్డు మీంచి వచ్చీ రాగానే మడిలోకి దించకుండా గట్టు మీద కాసేపు ఆపమనడం అందుకే. సాయంత్రం పని దిగగానే కాలువలోకి తోలి కడిగే అలవాటు ఇంకా చెడ్డది. హబ్ అప్పుడే వెచ్చగా ఉంటుంది, కాలువ నీళ్లు చల్లగా ఉంటాయి. నలుగురూ చేసే పని కదా అని దాన్ని ఎవరూ పట్టించుకోరు. నా లెక్కలో మడి కన్నా కాలువే ఎక్కువ బేరింగులు తింటోంది.

పడవలను ట్రెయిలర్ మీద వేసుకుని చెరువుకు తీసుకెళ్లే అమెరికా వాళ్లకూ ఇదే తిప్పలు. గంటల తరబడి హైవే మీద వచ్చిన వేడి హబ్‌ను నీళ్లలోకి దించాలి. వాళ్లు డస్ట్ క్యాప్ స్థానంలో స్ప్రింగ్ బిళ్ల ఉన్న క్యాప్ బిగిస్తారు. బేరింగ్ బడ్డీ అన్న పేరుతో అది బాగా తెలుసు. స్ప్రింగ్ ఎప్పుడూ గ్రీజును లోపలికి కొద్దిగా నొక్కుతూ ఉంటుంది. లోపలి ఒత్తిడి బయటి కన్నా కొంచెం ఎక్కువగా ఉంటే నీళ్లు పీల్చుకునే పనే ఉండదు. జీపుల వాళ్లది వేరే దారి. యాక్సిల్ లోపల నూనె ఉంటుంది కాబట్టి దానికి ఒక బ్రీదర్ (గాలి ఆడే చిన్న రంధ్రం) ఇస్తారు, వాగులు దాటేవాళ్లు దానికి ట్యూబు తగిలించి ఇంజన్ పైభాగం దాకా తెస్తారు. చల్లబడ్డ యాక్సిల్ సీల్ గుండా నీళ్లను పీల్చే బదులు ట్యూబు గుండా గాలిని పీలుస్తుంది. ట్రాక్టర్ ముందు హబ్‌కు ఈ రెండూ లేవు. దానికి ఉన్న ఒకే ఉపాయం, గాలికి చోటు లేకుండా చేయడం.

కారు బేరింగ్ సూత్రం ఇక్కడ పనికిరాదు

ఇక్కడే మెకానిక్‌లలో కొందరితో నాకు పేచీ. కార్ల పని నేర్చుకున్నవాళ్లు హబ్‌ను పూర్తిగా నింపకూడదంటారు. మూడో వంతు, మహా అయితే సగం చాలు, ఎక్కువైతే గ్రీజు చిలికి వేడెక్కుతుందని. కారుకు అది నిజమే. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు చక్రం నిమిషానికి 800 సార్లకు పైగా తిరుగుతుంది.

ట్రాక్టర్ ముందు చక్రం దమ్ములో గంటకు 4 కిలోమీటర్లు నడిస్తే నిమిషానికి 30 చుట్లు కూడా తిరగదు. రోడ్డు మీద 30 కిలోమీటర్ల వేగంలోనూ 220 దాటదు. ఈ వేగంలో గ్రీజు చిలకడం వల్ల పుట్టే వేడి పెద్ద సమస్య కాదు. కాబట్టి దమ్ము ట్రాక్టర్ హబ్‌ను నిండా నింపడమే మేలు.

నెమ్మదిగా తిరగడంలో ఇంకో చిక్కు ఉంది. రోలర్‌కూ కప్పుకూ (రోలర్లు దొర్లే బయటి ఉక్కు రింగుకూ) మధ్య గ్రీజులోని నూనె ఒక పొరగా ఏర్పడుతుంది. దాని మందం మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) అంత కూడా ఉండదు, వేగం తగ్గేకొద్దీ ఇంకా పలచబడుతుంది. బంకమట్టి రేణువులు 2 మైక్రాన్ల లోపు, ఒండ్రు రేణువులు 2 నుంచి 50 మైక్రాన్ల దాకా ఉంటాయి. నూనె పొర చాలా రేణువులను దాచుకోలేనంత పలచన. రేగడి బంక మెత్తనిదే కానీ నీటిని పట్టి ఉంచి తుప్పు తెస్తుంది. చెల్క నేలల్లోని ఇసుక రేణువు బేరింగ్ ఉక్కును గీసేంత గట్టిది. డెల్టా ఒండ్రులో ఈ రెండూ కలిసే ఉంటాయి.

తుప్పు గురించి ఒక మాట. పని చేస్తున్నప్పుడు కన్నా ఆగి ఉన్నప్పుడే అది ఎక్కువ పట్టుతుంది. తడిసిన హబ్‌తో బండి నాలుగు రోజులు ఒకేచోట నిలబడితే, కప్పు మీద రోలర్లు ఆగిన చోటల్లా సమాన దూరంలో అడ్డగీతలు పడతాయి. తర్వాత ఎంత గ్రీజు కొట్టినా ఆ గీతలు పోవు, అక్కడి నుంచే ఉక్కు పెచ్చులూడుతుంది. అందుకే రోజువారీ గ్రీజు పొద్దున్నే కాకుండా సాయంత్రం పని దిగిన వెంటనే కొట్టాలని నా పట్టు. తడిసిన గ్రీజు బయటికి పోతుంది, రాత్రంతా రోలర్లు కొత్త గ్రీజులో ఉంటాయి. తడి పనిలో పది గంటలకోసారి అన్న లెక్కకూ ఇది సరిపోతుంది.

కొట్టే పద్ధతి: నిప్పిల్ (గ్రీజు ఎక్కించే ముక్కు) తుడవాలి, లేదంటే దాని మీద అంటిన మట్టిని మనమే లోపలికి పంపినట్టు. వీలైతే చక్రాన్ని జాకీ మీద లేపి, ఒకరు తిప్పుతుంటే ఇంకొకరు నెమ్మదిగా పంపు కొట్టాలి. సీల్ చుట్టూ ముందు బూడిదరంగు ముద్ద వస్తుంది, తర్వాత రంగు తేరుతుంది. కొత్త గ్రీజు రంగే కనిపించేదాకా కొట్టాలి. అలా బయటికి వచ్చి సీల్ చుట్టూ నిలిచిన గ్రీజును అందం కోసం తుడిచేయకండి. అది బురదకూ రబ్బరు అంచుకూ మధ్య ఉండే మొదటి కట్ట. రెండు మూడు రోజులు వరుసగా కొట్టినా ఏమీ బయటికి రావడం లేదంటే సీల్ తిరగబడి ఉండొచ్చు, నిప్పిల్ మూసుకుపోయి ఉండొచ్చు, లేదా గ్రీజంతా డస్ట్ క్యాప్ వైపు చేరుతూ ఉండొచ్చు. క్యాప్ తీసి చూస్తే తెలిసిపోతుంది.

ఏ గ్రీజు? రంగు చూసి కొనకండి. ఎరుపు, నీలం, ఆకుపచ్చ అన్నవి తయారీదారు కలిపే రంగులే. గ్రీజు అంటే నూనెను పట్టి ఉంచే సబ్బు. ఆ సబ్బు ఏదన్నదే ముఖ్యం. సోడియం సబ్బు నీళ్లలో కరిగిపోతుంది. పాతకాలపు కాల్షియం గ్రీజు నీళ్లకు బాగా నిలుస్తుంది కానీ 60 డిగ్రీలు దాటితే చెడుతుంది. 1940లలో వచ్చిన లిథియం గ్రీజు రెండింటికీ మధ్యస్థంగా తట్టుకుంటుంది, మన దుకాణాల్లో ఎంపీ, ఏపీ-3 పేర్లతో దొరికేది ఎక్కువగా ఇదే. నీళ్లలో అన్నిటికన్నా గట్టిగా నిలిచేది కాల్షియం సల్ఫొనేట్ రకం. ధర ఎక్కువే. అయినా హబ్‌కు పట్టేది ఎంత గనక? ఒక రకం నుంచి ఇంకో రకానికి మారేటప్పుడు పాతదంతా డీజిల్‌తో కడిగి, ఆరబెట్టి నింపాలి. కొన్ని గ్రీజులు ఒకదానితో ఒకటి పొసగక పలచబడి కారిపోతాయి.

ఆట ఉన్న చక్రం

సీల్ కొత్తది, గ్రీజు నిండుగా ఉంది, అయినా నీళ్లు వస్తున్నాయంటే చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. బేరింగ్ వదులైతే హబ్ ప్రతి చుట్టుకూ అటూ ఇటూ ఒరుగుతుంది. ఒక వైపు సీల్ అంచు నలుగుతుంది, ఎదురు వైపు తెరుచుకుంటుంది. బేరింగ్ ఆట అంటే చక్రం ఊగడమని మాత్రమే అనుకుంటాం, కానీ సీల్ చచ్చేది ముందుగా దానివల్లే. చక్రం తిప్పుతూ నట్టు బిగించి రోలర్లు కూర్చున్నాక, కంపెనీ చెప్పినంత వెనక్కి తిప్పి స్ప్లిట్ పిన్ పెట్టాలి. పాత పిన్‌ను వంచి మళ్లీ వాడటం పొదుపు కాదు.

రెండోది స్పిండిల్ మీద గాడి. బురద ఇరుక్కున్న రబ్బరు అంచు ఉక్కును కూడా అరగదీస్తుంది. వేలి గోరు జారిస్తే తగిలేంత గాడి ఉంటే, దాని మీద ఎన్ని కొత్త సీళ్లు వేసినా డబ్బు బురదలో పోసినట్టే. గూటిలో చోటుంటే సీల్‌ను ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపి కొత్త చోట ఆననివ్వొచ్చు. లేదంటే స్పిండిల్ మీద సన్నటి ఉక్కు తొడుగు వేయించాలి, అదీ కుదరకపోతే స్పిండిల్ మార్చాలి. సీల్‌ను సుత్తితో ఒక పక్క నుంచి కొట్టడం మన షెడ్లలో ఇంకా పోలేదు. దాని సైజుకు సరిపడే పైపు ముక్క పెట్టి నాలుగు వైపులా సమానంగా దించితే ఎక్కువ పట్టేది ఒక నిమిషం.

వరి మోళ్ల తాళ్లు, గడ్డి, ఎరువు బస్తాల నైలాన్ దారాలు సీల్ వెనుక చుట్టుకోవడం మూడోది. నైలాన్ పోగు రబ్బరు అంచును కోసేస్తుంది. రోజూ సాయంత్రం గ్రీజు కొట్టే ముందు అక్కడ చేయి పెట్టి చూడాల్సింది దీనికే.

ఇక వాటర్ సర్వీసింగ్. ఆ గన్ ఒత్తిడి 100 బార్ల దాకా ఉండొచ్చు. అర బారుకు చేసిన సీల్ మీద దాన్ని దగ్గర నుంచి పెడితే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. హబ్ వెనుక మట్టిని చేత్తో, బ్రష్‌తో తీయాలి. గన్‌ను దూరం నుంచి, అడ్డంగా మాత్రమే కొట్టనివ్వాలి. కడిగాక వెంటనే గ్రీజు.

బురదలోనే పుట్టి పెరిగిన యంత్రాల సంగతి వేరు. బుల్‌డోజర్ ట్రాక్ రోలర్లలో రబ్బరు అంచు స్పిండిల్‌ను రాసుకోదు. గట్టి లోహపు రింగులు రెండు ముఖాముఖిగా అదుముకుని తిరుగుతాయి, వాటి వెనుక రబ్బరు వలయాలు స్ప్రింగులుగా పనిచేస్తాయి. కేటర్‌పిల్లర్ వాటిని డ్యుయో-కోన్ అన్న పేరుతో వాడుకలోకి తెచ్చింది. అరిగేకొద్దీ ఆ ముఖాలు ఒకదానికొకటి ఇంకా కుదురుకుంటాయి. ట్రాక్టర్ ముందు హబ్‌కు అంత ఖర్చు ఎవరూ పెట్టరు.

ఇప్పుడు దమ్ముకు ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టర్లు ఎక్కువగా దిగుతున్నాయి. వాటి ముందు యాక్సిల్ లోపల గేర్లు నూనెలో తిరుగుతాయి. సీల్ చాలావాటిలో క్యాసెట్ రకం, అది ఆనుకుని తిరిగే లోహపు తొడుగు కూడా సీల్‌తోనే వస్తుంది కాబట్టి స్పిండిల్‌కు గాడి పడదు. రోజూ హబ్‌కు గ్రీజు కొట్టే పని కూడా లేదు. దాంతో యాక్సిల్ వైపు తొంగి చూసేవాళ్లు కూడా లేకుండా పోయారు. నీళ్లు చేరితే ఇక్కడ బయటికి ఏమీ కనిపించదు. వారానికోసారి, రాత్రంతా నిలబడిన బండి కింద ముందు యాక్సిల్ డ్రెయిన్ బోల్టును పొద్దున్నే కొద్దిగా వదులు చేయండి. నీళ్లు నూనె కన్నా బరువు కాబట్టి ముందు అవే చుక్కలుగా వస్తాయి. నూనె పాలలా తెల్లబడి వస్తే ఆ రోజు దమ్ము ఆపి నూనె మార్చండి, అదే రోజు సీల్ చూపించండి, బ్రీదర్ మట్టితో మూసుకుపోయిందేమో కూడా చూడండి. మూసుకుపోయిన బ్రీదర్ ఉన్న యాక్సిల్ కూడా పాత హబ్ లాగే సీల్ గుండానే ఊపిరి పీలుస్తుంది.